గొట్టంలోని వేలు

"సాబ్, నేను మోసం చేసిన్నని రాసిండ్రు," అంటూ సకీనా కుర్చీలో కూలబడింది. 1996 వానకాలం. కల్వకుర్తి బస్టాండు వెనక ప్రైవేటు డిటెక్టివ్ తాజుద్దీన్ ఆఫీసు. సహాయకుడు ఐలేశం ఆమెకు నీళ్ల గ్లాసు అందించాడు.

సకీనా కప్పల మీద పరిశోధన చేస్తోంది. అచ్చంపేట అడవిలో చూడటానికి ఒకేలా ఉండే చెట్టు కప్పలు రెండు రకాలుగా అరుస్తున్నాయని గమనించింది. అవి రెండు జాతులని తేలాలంటే జన్యు పరీక్ష తప్ప దారి లేదు. కొత్తదనుకున్న కప్ప వేలి కొస కోసి, స్పిరిటు గొట్టంలో వేసి హైదరాబాదు పంపింది. అది మామూలు కప్పదేనని జవాబొచ్చింది. పేరు కోసం అబద్ధమాడిందని ఆమె మీద విచారణ పెట్టారు.

"సీటు పోతే ఇంక ఏ కాలేజీ నన్ను గేటు లోపటికి రానియ్యది సాబ్."

"కప్ప ఏది బేటీ?"

"స్పిరిటు సీసల పెట్టి నా పెట్టెకు తాళమేసిన. ఎవ్వలకు చూపలే."

"వేలు కోసినప్పుడు పక్కన ఎవరున్నరు?"

"నా తోటి చదివే గాలయ్యన్న ఒక్కడే. గొట్టం ఆ రాత్రి మా గైడు రామచంద్రయ్య సారు బీరువల ఉండె. నల్లమలల చెట్టు కప్ప ఒక్కటే జాతని పుస్తకం రాసింది ఆయననే. తెల్లారి గాలయ్యన్న బస్సుల తీస్కపోయిండు."

మర్నాడు సకీనా పెట్టెలోంచి తెచ్చిచ్చిన సీసాను తాజుద్దీన్ వెలుగుకెత్తి చూశాడు. కప్ప ముందు కాలి వేలొకదానికి కొస లేదు.

"గాలయ్యే సార్! బస్సులనే మార్చిండు," అన్నాడు ఐలేశం. ప్రతి కేసులోనూ మొదట దొరికినవాడి మెడ పట్టుకోవడం అతనికి సరదా. తాజుద్దీన్ నవ్వలేదు. కప్ప తొడ నుంచి కండ ముక్క తీసుకుని తనే హైదరాబాదు వెళ్లి పరీక్షకిచ్చాడు. అక్కడే ఉన్న గొట్టంలో మిగిలిన వేలిముక్కను భూతద్దంతో చూశాడు. దాని పక్కన పల్చటి పొర వేలాడుతోంది.

విచారణ రోజు అచ్చంపేట గెస్టుహౌసులో అందరూ కూర్చున్నారు. గాలయ్య ముఖం పాలిపోయింది. రామచంద్రయ్య మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. సకీనా తలెత్తలేదు.

"సీసల కప్ప కండకు పరీక్ష చేయించిన," అన్నాడు తాజుద్దీన్. "అది వేరే జాతే. అంటే గొట్టంల వేలు ఈ కప్పది కాదు. ఎవరో మార్చిండ్రు."

తాజుద్దీన్ సీసాను బల్ల మీద పెట్టాడు.

"ఈ కప్పలకు వెనక కాళ్ల వేళ్ల నడుమనే పొర ఉంటది, ముందటి వేళ్లకు ఉండది. సకీనా కోసింది ముందు కాలి వేలు. గొట్టంల ముక్కకు పొర ఉన్నది. గాలయ్య పక్కన నిలవడి చూసిండు. మార్చేదుంటే ముందు కాలిదే కోస్తుండె. ఏ కాలు కోసిందో చూడనోడే వెనక కాలు పట్టిండు. గాలయ్య కాకపోతే, గొట్టం ఉన్న జాగా ఇంకొక్కటే."

అందరూ రామచంద్రయ్య వైపు తిరిగారు. ఆయన బుకాయించబోయి ఆగిపోయాడు. విచారణ పెద్ద సకీనా మీది ఫిర్యాదును మడిచి పక్కన పడేశాడు. సీటు దక్కింది. అయినా ఆమెకు ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"సార్, గన్ని ఏండ్లు గీ అడివిల తిరిగిండ్రు. రెండు అరుపులు మీకెన్నడు వినవడలేదా?"

రామచంద్రయ్య కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"విన్న బిడ్డా," అన్నాడు. "పుస్తకం అచ్చయినంక విన్న."