నూట పది మెట్లు

ఆదివారం ఉదయం ఏడు గంటలకు పిట్ట పాల ప్యాకెట్లు పట్టుకొని ఇంట్లోకి వచ్చింది. "నూట ఎనిమిది, నూట తొమ్మిది, నూట పది" అని గొణుక్కుంటూ గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది. మెడంతా చెమట పట్టింది. పిట్ట అంటే ఆ ఇంటి పన్నెండేళ్ళ పిల్ల. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేదని నాయనమ్మ పెట్టిన ముద్దుపేరు అది. పిల్ల పెరిగినా పేరు మాత్రం పెరగలేదు.

వాళ్ళ ఇల్లు ఐదో అంతస్తులో. భవనానికి లక్షణమైన లిఫ్టు ఉంది. దాన్ని చూసుకునేది ఎవరో కాదు, పిట్ట నాన్నే. చుట్టుపక్కల ఇరవై భవనాల లిఫ్టులు ఆయన చేతి మీదే నడుస్తాయి. అలాంటి మనిషి కూతురు రెండేళ్ళుగా మెట్లెక్కి వస్తోందంటే చూసేవాళ్ళకు విడ్డూరంగా ఉండేది. ఆయనకు మాత్రం గర్వం. "మా అమ్మాయికి వ్యాయామం పిచ్చి" అని తోటి మెకానిక్కులకు చెప్పుకొనేవాడు. నచ్చిన కారణం ఒకటి దొరికాక అసలు కారణం ఎవరు వెతుకుతారు?

ఆ ఉదయం ఆయన మహా హుషారుగా ఉన్నాడు. పెద్ద షాపింగ్ మాల్ పై అంతస్తులో కొత్తగా రోలర్ కోస్టర్ పెట్టారు. బయట మైదానంలో కాదు, నాలుగు గోడల మధ్య, ఒక చీకటి హాల్లో. ఆ మాల్ లిఫ్టుల పని ఈయన కంపెనీదే కావడంతో సిబ్బంది కుటుంబాలకు పాసులిచ్చారు. నాలుగు పాసులనూ టీపాయ్ మీద పేకముక్కల్లా పరిచాడు.

"పదకొండింటికల్లా అక్కడుండాలి. మావాళ్ళంతా పిల్లల్ని తీసుకొస్తున్నారు."

పిట్ట పాలు వంటింట్లో పెట్టి వచ్చింది. "వస్తాను గానీ నాన్నా, ఎక్కను."

"ఎందుకెక్కవు?"

"భయం."

"లిఫ్టు మెకానిక్ కూతురికి భయమేంటే! నలుగురూ వింటే నవ్విపోతారు. ఒక్కసారి ఎక్కావంటే భయం దానంతటదే పారిపోతుంది."

కిటికీ పక్కన మిషను మీద బడి యూనిఫాంలు కుడుతున్న అమ్మ పెడల్ ఆపింది. "పిల్ల వద్దంటోంది కదండీ. వదిలెయ్యండి."

"నువ్వు ఊరుకో. ఇలా వెనకేసుకొచ్చి దాన్ని పిరికిదాన్ని చేశావు."

"నీ సంగతి చెప్పరా ముందు" అంది నాయనమ్మ మంచం మీద నుంచి. "పదేళ్ళ వయసులో బొద్దింకని చూసి ఇదే మంచమెక్కి వీధంతా వినపడేలా అరిచావు."

"అమ్మా, అది వేరు!"

"అవున్లే. నీ బొద్దింకకి కొమ్ములుండేవి."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు గానీ మాట మార్చలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం ఆయన. పైగా నవ్వు తన మీద నుంచి మళ్ళించాలని ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన పాత కథ ఎత్తుకున్నాడు. "రెండేళ్ళ కింద ఎగ్జిబిషన్లో ఇది ఏం చేసిందో గుర్తుందా? దిగేసరికి గౌను మొత్తం..."

పిట్ట లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ కథ మొదలైనప్పుడల్లా అలాగే వెళ్ళిపోయేది. చుట్టాల ముందు, పక్కింటివాళ్ళ ముందు, ఒకసారి కొరియర్ తెచ్చిన మనిషి ముందు కూడా.

అంతలో ఫోను మోగింది. పక్క భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఒకావిడ ఉండిపోయింది. ఆయన పనిముట్ల సంచీ భుజాన వేసుకొని పరిగెత్తాడు. టార్చి లైటు బల్ల మీదే మర్చిపోయాడు. అమ్మ దాన్ని పిట్ట చేతికిచ్చి పంపింది.

పిట్ట వెళ్ళేసరికి నాన్న లిఫ్టు తలుపు ముందు నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. తలుపు సందుకు నోరు ఆనించి, పిట్ట ఇంట్లో ఎప్పుడూ వినని గొంతుతో మాట్లాడుతున్నాడు.

"భయపడొద్దని చెప్పనమ్మా. తలుపులు మూసుకుపోతే ఎవరికైనా భయమే. ఏం జరగబోతోందో ముందే చెప్తాను, వింటారా?"

లోపలి నుంచి సన్నటి గొంతు ఏదో అంది.

"ముందు లైటు ఆరిపోతుంది. ఆపేది నేనే. తర్వాత ఒక కుదుపు వస్తుంది, గట్టిగానే వస్తుంది. ఆ తర్వాత నెమ్మదిగా ఈ అంతస్తు దాకా కిందికి దిగుతారు. అంతకు మించి ఏమీ జరగదు. మీరు సరే అంటేనే మొదలుపెడతాను."

"సరే బాబూ. కానివ్వు."

పది నిమిషాల తర్వాత ఆవిడ తన కాళ్ళ మీద తాను నడిచి బయటికి వచ్చింది. చీర కొంగుతో మొహం తుడుచుకొని ఆయన చెయ్యి పట్టుకుంది. "నువ్వు చెప్పినట్టే జరిగింది నాయనా, అందుకే తట్టుకున్నా" అంది.

ఆవిడ వెళ్ళాక పిట్ట అడిగింది. "కుదుపు వస్తుందని ముందే ఎందుకు చెప్పావు? ఇంకా భయపడదా?"

"లోపలున్నవాళ్ళకి అబద్ధం చెప్పకూడదే" అన్నాడాయన స్క్రూలు ఏరుకుంటూ. "కుదుపు రాదని చెప్పామనుకో, వచ్చాక మనమేం చెప్పినా నమ్మరు. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటిరోజు చెప్పిన మాట ఇది."

పిట్ట ఆయన వంక చాలాసేపు చూసింది. స్క్రూల ధ్యాసలో ఉన్న ఆయన ఆ చూపు గమనించలేదు.

మాల్లో జనం కిటకిటలాడుతున్నారు. పై అంతస్తుకు లిఫ్టులో వెళ్దామంటే పిట్ట ఎస్కలేటర్ వైపు నడిచింది. "చూశావా, అక్కడ కూడా లిఫ్టెక్కదు" అని ఆయన మురిసిపోయాడు.

హాలు ముందు నల్లటి తెర వేలాడుతోంది. దాని వెనక చక్రాల రొద, ఉండుండి ఒక్కసారిగా కేకలు. వరుసలో వీళ్ళ ముందు నిలబడ్డ తోటి మెకానిక్ వెనక్కి తిరిగి, "ఏం పాపా, రెడీయేనా?" అని కన్ను కొట్టాడు. పిట్ట అమ్మ చీర కొంగు పట్టుకుంది.

నాన్న వంగి ఆమె చెవి దగ్గర మెల్లిగా అన్నాడు. "ఏమీ కాదు తల్లీ. నెమ్మదిగా ఒక చుట్టు తిరిగొస్తుంది, అంతే. నీకు తెలియను కూడా తెలియదు." అంటూనే చెయ్యి పట్టుకొని ముందుకు లాగాడు.

పిట్ట కదల్లేదు. కాళ్ళు నేలకు తన్నిపెట్టి నిలబడింది.

"అబద్ధం."

"ఏంటే?"

"అబద్ధం చెప్తున్నావు. పొద్దున ఆవిడకి నిజం చెప్పావు. ఆవిడెవరో కూడా నీకు తెలీదు. నాకెందుకు చెప్పవు?"

వరుసలో నలుగురు తిరిగి చూశారు. ఆయన మొహం ఎర్రబడింది. "నెమ్మదిగా మాట్లాడు. నీకేం అబద్ధం చెప్పానే నేను?"

"ఎగ్జిబిషన్లో చెప్పావు." పిట్ట ఆగలేదు. "ఆ చిన్న గదిలాంటి దాంట్లో కూర్చోబెట్టి ఏమన్నావు? ఇది మన లిఫ్టు లాంటిదే, నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుందన్నావు. అది పైదాకా తీసుకెళ్ళి ఒక్కసారే వదిలేసింది. చచ్చిపోయాననుకున్నా నాన్నా. దిగి నీ దగ్గరికి వస్తే నువ్వు నవ్వావు. ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పి మరీ నవ్వావు."

అమ్మ చెయ్యి పిల్ల తల మీదే ఆగిపోయింది. "అందుకేనా తల్లీ... లిఫ్టు ఎక్కనిది?"

పిట్ట తల ఊపింది. "తలుపులు మూసుకోగానే ఇదీ పడిపోతుందేమో అనిపిస్తుంది. నాన్నే చెప్పాడుగా, రెండూ ఒకటేనని."

"మరి నాకు చెప్పొచ్చు కదే" అన్నాడాయన. 

"చెప్తే మళ్ళీ నవ్వుతావు."

రెండేళ్ళ కింద ఆ ఎగ్జిబిషన్ ముగిసిన వారానికే భవనంలో లిఫ్టు మరమ్మతుకు వచ్చింది. నెలరోజులు అందరూ మెట్లే ఎక్కారు. లిఫ్టు బాగయ్యాక అందరూ మళ్ళీ అందులో తిరిగారు, ఒక్క పిట్ట తప్ప. బాగుచేసింది ఆయనే. తీగలు చూశాడు, పుల్లీలు చూశాడు. సంచీ బరువుకు వంగిపోయి మెట్లెక్కుతున్న పిల్లను మాత్రం చూడలేదు.

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు" అంది అమ్మ. కోపం కన్నా బాధే ఎక్కువుంది ఆ గొంతులో. "మనింటి చెట్టు ఊరందరికీ మందిచ్చిందండీ. మన పిల్లకే ఇవ్వలేదు."



ఆయన పిట్ట చెయ్యి వదిలేశాడు. తనమీద తనకే అసహ్యం వేసింది. ఇరవై భవనాల్లో ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆయన మాట నమ్మి చీకట్లో నిలబడతారు. కన్నకూతురు నమ్మదు. ఆ నమ్మకం ఇక తిరిగి వస్తుందో రాదో ఆయనకు తెలియలేదు.

పిల్లను తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు. "ఇక్కడే ఉండు. నేనొక్కణ్ణే వెళ్ళొస్తా. నిజానికి అందులో ఏముందో నాకూ తెలీదు. తెలీకుండానే నెమ్మదిగా తిరుగుతుందని చెప్పేశా."

తెర వెనక్కి వెళ్ళినవాడు కాసేపటికి మరో తలుపులోంచి బయటపడ్డాడు. జుట్టు లేచి నిలబడింది, మొహంలో రక్తం లేదు. తిన్నగా బెంచీ దగ్గరికి వచ్చి, పొద్దున లిఫ్టు ముందు కూర్చున్నట్టే నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు.

"చెప్తాను, విను. నడుం మీద ఒక కడ్డీ పడుతుంది. గట్టిగా నొక్కుతుంది. చీకట్లో నెమ్మదిగా పైకెక్కుతుంది, పదిహేను లెక్కపెట్టేదాకా. పైన ఒక్క క్షణం ఆగుతుంది. ఆగిపోయిందనుకుంటాం. అప్పుడు పడుతుంది. కడుపు నోట్లోకి వచ్చేస్తుంది. తర్వాత మూడు మలుపులు. రెండోది ఘోరం. మధ్యలో దిగుతానన్నా ఆపరు. మొత్తం నిమిషంన్నర."

"నీకు భయమేసిందా?"

ఆ ప్రశ్నకు ఆయన జీవితంలో ఎన్నడూ అవునని చెప్పి ఎరగడు. "వేసింది. రెండో మలుపులో అమ్మా అని అరిచాను."

"అరిస్తే అరిచావు, మధ్యలో నన్నెందుకురా లాగడం?" అంది నాయనమ్మ. పిట్ట పెదాలు కొంచెం విచ్చుకున్నాయి.

"మరి ఎక్కమంటావా?"

"నేనేమీ అనను. నువ్వు సరే అంటే పక్కన కూర్చుంటా. వద్దంటే ఇంటికి పోదాం."

పిట్ట తెర వైపు చూసింది. లోపల మళ్ళీ కేకలు మొదలై ఆగిపోయాయి. ఆమె వేళ్ళతో పదిహేను లెక్కపెట్టుకుంది.  ఎక్కుతానంటుందని ఇంకా ఆశగానే ఉంది ఆయనకు.

"వద్దు నాన్నా."

ఆ మాట చురుక్కుమన్నా మింగేశాడు. "సరే" అన్నాడు. ఇన్నేళ్ళలో కూతురి వద్దుకు ఆయన సరే అనడం అదే మొదలు.

రెండో చుట్టు కూడా తిరిగి అప్పుడే బయటికి వచ్చిన తోటి మెకానిక్ దగ్గరికి వచ్చి, "ఏం, అమ్మాయి భయపడిందా?" అన్నాడు.

"భయపడింది నేను. అమ్మాయి ఆలోచించుకుంది" అన్నాడాయన లేచి నిలబడి.

మధ్యాహ్నం ఇంటికి చేరాక, నాయనమ్మ మోకాళ్ళ కోసమని అమ్మ ఆవిడను తీసుకొని ముందు లిఫ్టులో పైకి వెళ్ళింది. పిట్ట అలవాటుగా మెట్ల వైపు తిరిగి, మొదటి మెట్టు మీద ఆగింది. వెనక్కి చూసింది.

"నాన్నా, ఇది ఎలా ఉంటుందో చెప్పు."

ఆయన లిఫ్టు ముందు నిలబడి ఒక్కో మాటా తూచి చెప్పాడు. "తలుపు మూసుకునేటప్పుడు టక్కుమంటుంది. కదిలేటప్పుడు పాదాల కింద చిన్న కుదుపు. రెండో అంతస్తు దాటాక గర్రుమంటుంది. అక్కడ గ్రీజు వెయ్యాలి, వారం నుంచి బద్ధకిస్తున్నా. ఆగాక తలుపు తెరుచుకోవడానికి కొంచెం టైం పడుతుంది. నీకు కష్టమయ్యేది అదే."

"అప్పుడేం చెయ్యాలి?"

"నా వేలు పట్టుకోవచ్చు. అక్కర్లేదనుకుంటే మానెయ్యొచ్చు."

పిట్ట ఆలోచించింది. "ఇవాళ మూడు దాకానే."

ఆయన మూడు నొక్కాడు. టక్కుమంది, కుదిపింది, గర్రుమంది. చెప్పినవన్నీ వరసగా వచ్చాయి, చెప్పనిదేదీ రాలేదు. తలుపు తెరుచుకునేలోపు ఆయన చూపుడు వేలు తెల్లబడిపోయేంత గట్టిగా పట్టుకుంది పిట్ట. బయటికి వచ్చాక వదిలేసింది.

అక్కడి నుంచి ఇద్దరూ మెట్లెక్కారు. నాలుగో అంతస్తు మలుపులో గోడకు ఒకచోట సున్నం అరిగిపోయి ఉంది. సరిగ్గా పిట్ట భుజమంత ఎత్తులో.

"ఇదేంటి?"

"ఇక్కడ ఆగుతా నేను. పుస్తకాలు బరువున్నప్పుడు ఆనుకుంటా."

ఆయన ఆ అరుగుదల మీద అరచెయ్యి పెట్టి చూశాడు. ఇక నిలబడలేకపోయాడు. మెట్టు మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకొని ఏడ్చాడు. "తప్పయిపోయింది తల్లీ. నవ్వకుండా ఉండాల్సింది. ఆ రోజు నిన్ను ఎత్తుకోవాల్సింది."

పిట్ట పక్కన కూర్చుంది. ఆయన ఏడుపు తగ్గేదాకా ఆగింది. తర్వాత పొద్దున తలుపు సందులోంచి ఆయన మాట్లాడినంత నిదానంగా చెప్పింది.

"ఇంకా ఇరవై రెండు మెట్లున్నాయి నాన్నా. చివరి రెండూ కొంచెం ఎత్తుగా ఉంటాయి, మోకాళ్ళు నొప్పెడతాయి. నువ్వు సరే అంటే వెళ్దాం."