దుప్పటి కప్పిన సిలిండరు

ఆ ఫ్లాట్లో పెద్దమ్మగారి బాగోగులన్నీ ఆయమ్మే చూసుకునేది. స్నానం చేయించడం, తల దువ్వడం, అన్నం మెత్తగా కలిపి తినిపించడం, ఎండ తగ్గాక బాల్కనీలో కుర్చీ వేసి వీధి చూపించడం. అదే భవనంలో మెట్ల కింద ఆమె చెల్లెలు బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసేది. అన్ని అంతస్తుల చొక్కాలూ ఆ పిల్ల చేతిమీదుగా వెళ్లాల్సిందే.

జబ్బు ఊరిమీద పడ్డాక గేటు మూసేశారు. పనివాళ్లు లిఫ్టు ఎక్కకూడదన్నారు. కొన్నాళ్లకి చెల్లెలికి జ్వరం వచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందంటే, చివరిసారి పైనుంచి దించిన బట్టల మూటలోంచే అని ఆయమ్మ నమ్మకం. మోటారు గది పక్కన చీకటి గదిలో ఆ పిల్ల మంచం పట్టింది. ఊపిరి అందడం లేదు. ఏ ఆసుపత్రికి ఫోను చేసినా ఖాళీ లేదన్నారు.

పైన ఫ్లాట్లో మాత్రం హాలు మూలన ఆక్సిజన్ సిలిండరు ఉంది. ఎందుకైనా మంచిదని పెద్దమ్మగారి కొడుకు ముందే తెప్పించి, సీలు కూడా విప్పకుండా దుప్పటి కప్పి ఉంచాడు. మనిషి చెడ్డవాడు కాదు. చెల్లెలికి మందులు కొనిచ్చింది ఆయనే. ఆయమ్మ గుమ్మం బయట నిలబడి సిలిండరు అడిగితే కాసేపు నేల చూశాడు.

“రేపు అమ్మకి అవసరమైతే నేనెక్కణ్ణుంచి తేను?” అన్నాడు.

తెల్లారేసరికి చెల్లెలు ఆయమ్మ ఒళ్లోనే పోయింది. ప్లాస్టిక్ సంచిలో చుట్టి పట్టుకుపోయారు. ఇంకోసారి మొహం చూస్తానంటే చూడనివ్వలేదు. ఆయమ్మని కొంతకాలం విడిగా ఉంచి, ఒంట్లో జబ్బు లేదని తేలాక పనిలోకి రమ్మన్నారు. వెళ్లింది. వెళ్లక ఏం చేస్తుంది?

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది. ఆ నిశ్శబ్దంలో హాల్లోంచి ఎవరో ఆయాసపడుతున్న చప్పుడు. లోపలికి లాగడం... ఆగడం... మళ్లీ లాగడం. దానివెంట రాజుకున్న బొగ్గుల వాసన, తడిబట్ట మీద వేడి పెట్టె ఆనించినప్పుడు లేచే ఆవిరి వాసన.

మంచం మీంచి పెద్దమ్మగారు కళ్లు తెరిచి తలుపులోంచి హాలు వైపు చూసింది. “ఎవరే ఆ పిల్ల? గోడకానుకుని రొప్పుతోంది. కూర్చోమను.”

ఆయమ్మకి ఎవరూ కనిపించలేదు. అయినా కుర్చీ తెచ్చి గోడవార వేసింది. వేస్తూ సిలిండరు వైపు చూసింది. పొద్దున ముడతలు పడి ఉన్న దుప్పటి ఇప్పుడు అంచుకి అంచు కలిపి ఇస్త్రీ చేసి ఉంది. ముట్టుకుంటే... వేడిగా ఉంది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ చప్పుడు కూడా రాకుండా పోతుందేమోనని భయం. రోజూ మధ్యాహ్నం కుర్చీ వేసి, దూరంగా కూర్చుని వినేది. రొప్పు మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చింది. పిల్లకి సులువవుతోంది కదా అని లోలోపల సంతోషించింది కూడా.

అంతలో జబ్బు ఆ గుమ్మమూ దాటింది. పెద్దమ్మగారి పెదాలు నల్లబడ్డాయి. కొడుకు సిలిండరు మంచం దగ్గరికి జరిపి, తన చేత్తోనే సీలు చింపి, తల్లి మొహానికి మాస్కు పెట్టి, మీట తిప్పాడు.

ఏమీ రాలేదు. ముల్లు సున్నా దగ్గర ఉంది.

అతను ఆసుపత్రులన్నింటికీ ఫోన్లు చేశాడు. ఆయమ్మ విన్న మాటే అతనూ విన్నాడు. కారు తీసుకుని వెళ్లిపోయాడు. సిలిండర్ల కోసం రోడ్డు పొడుగునా జనం ఉన్నారనీ, తనూ వాళ్ల వెనకాలే నిలబడ్డాననీ ఫోన్లో ఏడ్చాడు.

ఎండ వాలుతోంది. ఆయమ్మ పెద్దమ్మగారి తలని ఒళ్లోకి తీసుకుంది. చెల్లెలిదీ ఇంతే బరువు. ఇలాగే నోరు తెరిచింది. హాల్లో కుర్చీ వైపు తిరిగి గుసగుసగా అడిగింది.

“చెల్లీ... నిన్ను కూర్చోబెట్టమన్నది ఈవిడేనే. కొంచెం వదలవే.”

కాసేపటికి... కుర్చీ కిర్రుమంది. ఖాళీ సిలిండరు లోంచి సన్నగా గాలి చప్పుడు మొదలైంది. పెద్దమ్మగారి రొమ్ము పైకి లేచింది. ఒకసారి. ఇంకోసారి.

“ఆ పిల్ల చెయ్యి ఎంత వేడిగా ఉందే...” అంది ఆవిడ, మాస్కు లోంచి.

దీపాలు పెట్టే వేళకి గాలి ఆగింది. ఆవిడా ఆగింది. ఆయమ్మ మాస్కు తీసి దిండు పక్కన పెట్టి, కళ్లు మూసింది. అప్పుడొచ్చాడు కొడుకు, భుజాన సిలిండరుతో. దాన్ని దించడం కూడా మరిచిపోయి అలాగే నిలబడ్డాడు. తర్వాత తల్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. ఆ ఏడుపు ఆయమ్మకి కొత్త కాదు. అతని వీపు మీద చెయ్యి వేద్దామనుకుంది, వెయ్యలేకపోయింది.

పాత సిలిండరు మీట కట్టేద్దామని లేచింది. అప్పుడు చూసింది.

దిండు పక్కన పడున్న మాస్కు లోపల ఆవిరి పట్టింది. కరిగింది. మళ్లీ పట్టింది. ఒక ఊపిరి బరువుగా... దాని వెంటే, ఇంకో ఊపిరి తేలిగ్గా.