తల్లిచెరువులో వెండి

ఫిషరీస్ సైంటిస్టు అశోక్‌ను ఆకివీడు రోడ్డు మీద లారీతో గుద్ది చంపేశారు. పరీక్షకు తెస్తున్న చచ్చిన చేప మాత్రం ఐస్ పెట్టెలో భద్రంగా దొరికింది. అంత తెలివైన హంతకులు.

రాజమండ్రి ఆఫీసులో చీఫ్ మల్లేశ్వరరావు ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని ఆ చేపను చూపించాడు. ఏజెంట్ పల్లంరాజు పెన్నుతో మొప్ప ఎత్తాడు. లోపలంతా చీమిడిలా జిగురు.

"నానో సిల్వర్," అన్నాడు చీఫ్. "కంటికి కనపడనంత సన్నటి వెండి రేణువులు. మొప్పలకు పట్టేస్తాయి. నీళ్లలో ఆక్సిజన్ ఎంతున్నా చేపకు ఊపిరాడదు. బ్రూనో అనే విదేశీయుడు చేపల మందు పేరుతో దించాడు. టార్గెట్ తల్లిచెరువు."

డెల్టాలో సగం చెరువులకు పిల్లనిచ్చే తల్లి చేపలన్నీ అక్కడే ఉన్నాయి. అవి పోతే, వచ్చే ఏడు చేపపిల్ల కోసం రైతులంతా బ్రూనో కంపెనీ గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడాలి.

"దేవిశ్రీ లోపలే ఉంది. మనకీ పనిచేస్తుంది, వాళ్లకీ పనిచేస్తుంది."

"అంటే ఎవరికీ చేయదండి," అన్నాడు పల్లంరాజు.

తెల్లచొక్కా, వేళ్లకు ఉంగరాలు, పొట్ట మీద చిన్న దిండు. చేపల రైతు వేషంలో చెరువు మేనేజరుగా దిగాడు. దేవిశ్రీ గట్టు మీద ఎదురొచ్చింది. హైహీల్స్ మట్టిలో దిగబడుతున్నాయి. ఈమె గూఢచారిణి.

"తవుడు రేటెంతండి?" అడిగింది. కోడ్ వర్డ్.

"వేరుశెనగ చెక్కతో కలిపాండి, విడిగానా?"

ఆమె గొంతు తగ్గించింది. "కర్రలకు వేలాడుతున్న మేత సంచుల్లో వెండి ఉందండి. ముట్టుకుంటే తెగి పడతాయి. బ్రూనో రిమోట్ నొక్కినా పడతాయి. జనవరిలో ఈ నీళ్లు టెస్ట్ చేసుకున్నాడు. ఎల్లుండి తనే వస్తున్నాడు."

జనవరిలో. అప్పుడు చెరువు నిండా కాలవ మంచినీళ్లు. పల్లంరాజు పక్కకు చూశాడు. వేసవి కదా, కాలవ కట్టేశారు. అడుగున బురద పగుళ్లిచ్చింది.

ఆమె వెళ్లాక బోరు మోటారు వేశాడు. చేరువలో సముద్రం, బోరు నిండా ఉప్పు. తల్లి చేపలు ఆ మాత్రం ఉప్పుకు ఓర్చుకుంటాయి. వెండి మాత్రం ఉప్పు తగిలితే ముద్దకట్టి అడుక్కు దిగుతుందని చీఫ్ ల్యాబ్ వాళ్లు ఫోన్లో చెప్పారు. "బహుశా" అని కూడా అన్నారు. జీతాలు తీసుకునేది ఆ మాట అనడానికే.

బ్రూనో మిట్టమధ్యాహ్నం గొడుగు కింద వచ్చాడు. ధారగా పడుతున్న పైపును చూసి, "ఇంకా నీళ్లా? మంచిదే," అని నవ్వాడు. "దేవిశ్రీ, నీళ్లు చూడు."

ఆమె వంగింది. వేలు ముంచి నాలికకు రాసుకుంది. ముఖం మారింది. పల్లంరాజు చెయ్యి దిండు కింద పిస్తోలు మీదకు వెళ్లింది.

"తేడా లేదు సార్," అంది.

బ్రూనో నొక్కాడు. తాళ్లు తెగాయి. సంచులన్నీ ఒక్కసారే మునిగాయి.

చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలాలి. బ్రూనో వాచీ చూసుకున్నాడు. నీళ్లలో విరిగిన పాలలాంటి తెల్లటి ముద్దలు తిరిగాయి, మెల్లగా కిందికి దిగిపోయాయి. ఒక పెద్ద బొచ్చె చేప తోక విదిలించి అతని ప్యాంటు తడిపింది.

పల్లంరాజు బేడీలు వేశాడు. ముందు అతనికి, తరవాత ఆమెకు.

"నేనే కదండీ అబద్ధం చెప్పి కాపాడింది," అంది దేవిశ్రీ.

"అశోక్ వచ్చే దారి వాళ్లకెవరు చెప్పారండి?"

"వీళ్లు చెప్పమన్నారు, చెప్పాను. చంపుతారని నాకు చెప్పలేదండి."

"చెప్పి ఉంటే ఏం చేసేవారండి? రేటు పెంచేవారు."

ఎండకు బ్రూనో పెదాలు ఎండిపోయాయి. నీళ్లు అడిగాడు. పల్లంరాజు చెరువులోంచి గ్లాసు ముంచి ఇచ్చాడు. బ్రూనో ఒక గుక్క తాగి, ఉప్పుకు ఉమ్మేశాడు.

"మా ప్రాంతంలో చెరువు లీజుకు తీసుకునే ప్రతివాడూ ముందు చేసే పని ఇదేనండి," అన్నాడు పల్లంరాజు. "మీరు చివర్లో చేశారు."