అద్దంలో కనిపించకపోతే

వెనక లైట్లు ఇంకా దగ్గరికొస్తున్నాయి.

డ్వేన్ యాక్సిలరేటర్ మీద కాలు తీయడం లేదు. ముప్పై అడుగుల ఆర్వీ. మంచం, పొయ్యి, స్నానాల గది, అన్నీ ఒంటిమీద మోస్తున్న బండి. అది ఊగిపోతోంది. వెనక అల్మారాలో ప్లేట్లు గలగలమంటున్నాయి.

ఒకటి పగిలింది.

పొద్దు గూకింది. డెమింగ్ దాటి గంటయింది. ఎడారి రోడ్డు మీద ఈ రెండు బండ్లు తప్ప పురుగు లేదు.

"దొంగలు," అన్నాడు డ్వేన్. "అటు చూడకు."

వెర్నా అటే చూసింది. తెల్ల పికప్. నెత్తిన పసుపు లైటు.

"అది లూపే బండి కదా."

"నీకు మాత్ర ఎక్కింది. కళ్లు మూసుకో."

నిజమే, ఎక్కింది. పెదాలు మొద్దుబారాయి. వేళ్లు ఎవరివో తెచ్చి అతికించినట్టున్నాయి. ఏడు నెలల కిందట కొడుకు ట్రావిస్‌ని మట్టిలో పెట్టి వచ్చాక, రాత్రికొక మాత్ర వేసుకోమన్నాడు డాక్టరు. డ్వేనే చేతిలో పెడతాడు. ఒకటి కాస్తా రెండయింది. ఈ వారం మూడు. ఆమె ఎందుకని అడగలేదు. ఏదైనా అడగాలంటే ఏదో ఒకటి అనిపించాలి కదా!

లూపే అంటే, ఇవాళ్టిదాకా వీళ్లు దిగిన క్యాంపు చూసుకునే మనిషి. గలగలా మాట్లాడుతుంది. ఇవాళ మధ్యాహ్నం డ్వేన్ మురుగు ట్యాంకు ఖాళీ చేస్తుంటే, వెర్నా దగ్గరికొచ్చి మామూలుగా అడిగింది.

"అక్కా, రేపట్నుంచి నువ్వెక్కడికి వెళ్తున్నావ్? బిస్బీ దగ్గరి మా ఇంకో క్యాంపులో మీ ఆయన ఒక్క మనిషికే బుక్ చేశాడు. నిన్న ఇద్దరని ఉంది. పొద్దున మార్చాడు."

రాసినవాళ్ల పొరపాటేమో అనుకుంది వెర్నా. ఆ మాటే డ్వేన్‌తో అంది. అతను నవ్వాడు. నవ్వుతూనే గొట్టాలు చుట్టేశాడు. పావుగంటలో బండి కదిలింది. పొయ్యి మీద పెట్టిన బీన్స్ అలాగే పారబోయించాడు.

అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు కొంచెం కొంచెంగా అవుతోంది... మందు ఎక్కిన బుర్రలోకి ఏదైనా నడిచే రావాలి, పరిగెత్తి రాదు.

పికప్ పక్కకొచ్చింది!

వెర్నా కిటికీకి సరిగ్గా సమానంగా. లూపే ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చెయ్యి పైకెత్తింది. చేతిలో ఫోను. ఊదారంగు తొడుగు, మూల మీద ట్రావిస్ అంటించిన తాబేలు బొమ్మ.

వెర్నా ఫోను.

మూడు రోజుల కిందట లాస్ క్రూసెస్ బజార్లో ఎక్కడో పడిపోయిందని చెప్పాడు డ్వేన్. ఆమె కోసం దుకాణం దుకాణం తిరిగి వెతికాడు కూడా.

లూపే ఏదో అరుస్తోంది. గాలికి సగం సగమే వినపడుతోంది.

"...చెత్త డబ్బాలో... అక్కా, దిగకు... వాడితో దిగకు..."

డ్వేన్ స్టీరింగు కుడివైపు తిప్పేశాడు.

ధడేల్!

ఇనుము ఇనుమును గీరింది. పికప్ రోడ్డు దిగి ఇసకలోకి దూసుకుపోయింది. పసుపు లైటు ఓ గుండ్రం తిరిగి ఆగిపోయింది.

వెర్నా గుండె జారాల్సింది. జారలేదు. లూపే బతికుందా అని మాత్రం అనుకుంది, అదీ ఎక్కడో దూరంగా.

డ్వేన్ వేగం తగ్గించలేదు. రెండు మైళ్ల తర్వాత ఎడమవైపు పాత గని బాటలోకి తిప్పాడు. అర మైలు గుంతల్లో పడుతూ లేస్తూ వెళ్తే బాట తెగిపోయింది. ముందంతా రాళ్లు. తిప్పబోయిన బండి బాటకి అడ్డంగా ఆగింది.

ఇంజను ఆపలేదు. డాష్‌బోర్డు మీద వెనక కెమెరా తెర నల్లగా ఉంది. పొద్దున పనిచేసింది.

"కెమెరా పోయింది," అన్నాడతను. "వెనక్కి పెట్టి తిప్పాలి. దిగి చూపించు."

టార్చ్ ఇచ్చాడు. చేతిలో అది ఉన్నట్టే తెలియలేదు.

"ఎడమవైపు నిలబడనా?"

"వద్దు. సరిగ్గా మధ్యలో నిలబడు."

"మధ్యలో ఉంటే నీకు అద్దంలో కనిపించను."

"టార్చ్ వెలుగు కనిపిస్తుంది. చాలు."

ఇరవై రెండేళ్లు. ఈ దేశమంతా ఎన్ని క్యాంపులో, ఎన్ని రివర్సులో. మొదటిరోజు నేర్పింది డ్వేనే. ఎప్పుడూ ఎడమవైపే నిలబడాలి. అరచెయ్యి ఊపితే రావాలి, పైకెత్తితే ఆగాలి. నేర్పాక ఆమె రెండు చేతులూ పట్టుకుని ఒక మాటన్నాడు.

"నువ్వు అద్దంలో కనిపించకపోతే నేను ఆగిపోతాను. నువ్వేమయ్యావో తెలియకుండా ఒక్క అంగుళం కదలను."

ఆ మాట మీదే ఆమె ఇన్నేళ్లూ బండి వెనక నిలబడింది.

వెర్నా దిగింది. ఇంటి గడప దిగినట్టే దిగింది. బండి వెనక్కి నడిచి టార్చ్ వేసింది.

ఇరవై అడుగుల్లో నేల లేదు.

ఎండిన వాగు. అడుగు కనిపించనంత లోతు. అతనికి ఆ సంగతి తెలియదు. కెమెరా ఉంటే తెలిసేది.

ఆమె ముందు చేసిన పని ఎడమవైపుకి పరిగెత్తడం. అలవాటు. అద్దంలో కనిపించేలా నిలబడి అరచెయ్యి పైకెత్తింది. ఆగు!

బ్రేక్ లైట్లు ఎర్రగా వెలిగాయి. ఆగాడు.

కిటికీలోంచి తల బయటపెట్టాడు డ్వేన్.

"మధ్యలోకి వెళ్లమన్నానా! వెళ్లు!"

ఆ గొంతు ఆమెకు తెలుసు. ట్రావిస్ పోయిన రెండో నెలలో ఇదే గొంతుతో అన్నాడు, నేను శవంతో కాపురం చేస్తున్నానని.

ఒక్క మనిషికి బుకింగు. చెత్త డబ్బాలో ఫోను. చచ్చిన కెమెరా. మూడు మాత్రలు మింగి, చీకట్లో బండి వెనక నిలబడిన ఆడమనిషి. అయ్యో పాపం అనే అంటారు అందరూ.

వాగుందని అరవొచ్చు. నోరు తెరిచింది. నాలుక కదల్లేదు.

మధ్యలోకి వెళ్లింది. టార్చ్ వేళ్లలోంచి జారి కింద పడి ఓ పక్కకి దొర్లింది. వెలుగు బండి వెనక కిటికీ మీద పడుతోంది. వంగి తీయలేదు. కుడివైపుగా నడిచి ఒక బండరాయి వెనక నిలబడింది.

ఇప్పుడు ఆమె ఏ అద్దంలోనూ లేదు.

ఆగితే చాలు. వెర్నా అని ఒక్కసారి పిలిస్తే చాలు. అతనితోనే బిస్బీ వెళ్తుంది, ఎన్ని మాత్రలిస్తే అన్నీ మింగుతుంది. అది మాత్రం ఆమెకు స్పష్టంగా తెలుసు.

రివర్సు తెల్ల లైట్లు వెలిగాయి.

ఇంజను రంకె వేసింది.

టార్చ్ టైరు కింద పటుక్కుమంది. చీకటి. అప్పటికీ ఆగొచ్చు... ఎర్ర లైట్ల కోసం ఆమె కళ్లప్పగించి చూస్తోంది.

వెలగలేదు.

మొదట వెనక చక్రాలు పోయాయి. తర్వాత బండి మొత్తం ఆకాశంకేసి లేచి జారిపోయింది. ప్లేట్లన్నీ ఒకేసారి పగిలిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

ఎంతసేపైందో. ఒంటికన్ను పికప్ ఒకటి గుంతల్లో ఎగురుతూ వచ్చింది. నుదుటి మీద రక్తంతో లూపే దిగింది.

"అక్కా! వాడేడీ?"

వెర్నా వాగు వైపు చూపించింది.

"అద్దంలో లేను, లూపే. అయినా ఆగలేదు."

చెప్పాక తన చేతికేసి చూసుకుంది. ఎప్పుడెత్తిందో, కుడి అరచెయ్యి ఇంకా పైకే ఉంది. ఆగు అన్నట్టు. లూపే దాన్ని పట్టుకుని దించింది.

వేళ్లు నొప్పెట్టాయి.

ఏడు నెలల తర్వాత, మొదటిసారి.