కొండ దిగిన వైర్‌లెస్

కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌లో, ఓష్ బజార్లో రొట్టెలు బేరమాడుతున్న ఏజెంట్ ఎర్మెక్‌ను వెనకనుంచి కాల్చి, ఫోన్ పట్టుకుపోయారు. అది పొద్దున్న. మధ్యాహ్నం కాకముందే సాగిన్‌ను అతని కుర్చీలో కూర్చోబెట్టారు. చిన్ననాటి స్నేహితుడు పోతే గుండె చెరువవ్వాలి. సాగిన్‌కి ఏమీ కాలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది.

"ఆ ఫోన్లో చోల్పోన్ అడ్రస్ ఉంది," అన్నాడు చీఫ్ బకాస్.

చోల్పోన్ విదేశీ ముఠా బాస్ పక్కన విందుల్లో మెరిసే మనిషి. నిజానికి వీళ్ల డబుల్ ఏజెంట్.

"అది బాస్‌కి చేరితే ఆమె పని అయిపోయినట్టే."

"ఎలా పంపుతారు బైకే?" పెద్దన్నని పిలిచినట్టు పిలిచి అడిగాడు సాగిన్.

"ఫోన్లు మనం వింటున్నామని వాళ్లకి తెలుసు. అందుకే పిల్లలు బ్లాకులు పేర్చే ఆటలోంచి. ఈ సంగతి చోల్పోనే చెప్పింది. ఆ ఆటలో హంతకుడి బొమ్మ చేతి కంప్యూటర్‌తో కొండకొమ్మున కూర్చుంది. పన్నెండింటికి ఆ కంప్యూటర్ దానంతటదే ఒక్కసారి పంపేస్తుంది."

"కొండెందుకు?"

"ఆ ఆటలో నేలమీద వైర్‌లెస్ అరవై నాలుగు బ్లాకులు దాటదు. పైకెక్కేకొద్దీ రేంజ్ పెరుగుతుంది. కొమ్మునుంచైతే బాస్ బొమ్మ కాచుకున్న అవతలి లోయదాకా పోతుంది. నువ్వు వాణ్ణి దింపు. ఈలోగా వాడు ఏ కంప్యూటర్ ముందున్నాడో మేం పట్టుకుంటాం."

సాగిన్ ఆటలో తన బొమ్మకి తెల్లగడ్డం పెట్టాడు, నెత్తిన కల్పాక్ టోపీ పెట్టి గుర్రం ఎక్కించాడు. కొండ కిందకొచ్చి ఆగాడు. దిగలేదు.

"సలామ్, నాయనా. దూరం నుంచి వస్తున్నా," అని టైప్ చేశాడు.

గుర్రం మీద అక్సకల్, అంటే తెల్లగడ్డం పెద్దాయన, గుమ్మంలోకొస్తే, కళ్లెం పట్టుకుని దింపకుండా కూర్చునే మగాడు మా కిర్గిజ్‌లలో ఇంకా పుట్టలేదు. అయినా పైనున్న బొమ్మ కదల్లేదు. నిమిషం మిగిలింది. సాగిన్ మళ్లీ టైప్ చేశాడు.

"అలాగే కానీ. మీ ఇంట్లో పెద్దాళ్లు గుర్రం మీదే ఉండిపోతారు కాబోలు."

బొమ్మ లేచింది. గబగబా దిగొచ్చింది.

"తప్పయింది అక్సకల్. కళ్లెం ఇలా ఇవ్వండి."

పన్నెండయింది. చేతి కంప్యూటర్ మెరిసింది. సందేశం లోయ మొదట్లోనే చచ్చిపోయింది.

"వాడు దొరికాడు," అన్నాడు చీఫ్ ఇయర్‌ఫోన్‌లో. సాగిన్‌కి సంతోషం కూడా కలగలేదు.

సాయంత్రం సంకెళ్లతో కూర్చున్న హంతకుడు ఒక్కటే అడిగాడు. "ఆ అక్సకల్ ఎవరు?"

"నేనే."

వాడు ఎగాదిగా చూశాడు. "నలభయ్యేళ్లొచ్చినా మొహం మీద వెంట్రుక లేదు. నీకా నేను కళ్లెం పట్టింది?"

సాగిన్ నున్నటి చుబుకం తడుముకున్నాడు.

"పొద్దున్న నువ్వు చంపినవాడూ జీవితమంతా ఇలాగే ఏడిపించాడు. నాకు గడ్డం ఉందని నమ్మింది నువ్వొక్కడివే."