కాల్ తప్ప అన్నీ వచ్చే ఫోన్

"ఆ ఫొటో తీసెయ్యండి."

సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సెక్కి, కిటికీ సీటు దొరికిన సంతోషంలో ధర్మేందర్ కొత్త ఫోన్‌తో ఒక సెల్ఫీ దిగాడు. వెనక సీట్లోంచి ఈ మాట వచ్చింది. తిరిగి చూశాడు. చామనఛాయ అమ్మాయి. మెడలో ఏదో ఆసుపత్రి గుర్తింపు కార్డు వేలాడుతోంది. కార్డులో ఫొటో నవ్వుతోంది గాని మనిషి నవ్వడం లేదు.

"నన్ను నేను తీస్కున్న మేడం."

"మిమ్ముల మీరే తీస్కున్నరు. ఎనక నేను పడ్డ. సూపెట్టండి."

చూపించాడు, కొంచెం గర్వంగానే. ఆ కెమెరా సంగతి అడిగేవాళ్లు దొరికితే బస్సు దిగేదాకా చెప్పగలడు. ఆమె ఫోన్ దగ్గరికి వంగి చూసింది.

"ఈమె ఎవరు?"

"మీరే."

"మరి నా రంగేమైంది?"

"అది కెమెరానే చేస్తది మేడం. ఆటోమేటిక్. మంచిగొచ్చిన్రు గదా?"

"అంటే బయట మంచిగ లేనా?"

ఇలాంటి ప్రశ్నకు ఏ కంపెనీవాడూ జవాబు రాసి పెట్టెలో పెట్టడు. ధర్మేందర్ ఫొటో తీసేశాడు. అందులో అతని ముఖం కూడా పిండిలో ముంచి తీసినట్టే ఉంది. అది చూసుకునే ఇందాకటి నుంచి మురిసిపోతున్నాడని ఆమెకు తెలిసిపోయింది. మొదటి పరిచయంలోనే అంత మాటెందుకని ఊరుకుంది.

ధర్మేందర్‌ది చివ్వెంల పక్క ఊరు. తండ్రి మల్లన్నకు గొర్ల మంద ఉంది. కొడుకు సూర్యాపేటలో ఒక ట్రాక్టర్ షోరూంలో సేల్స్ పని చేస్తాడు. ఆ ఫోన్ దుబాయ్‌లో ఉన్న బావ పంపింది. కెమెరా గొప్పది, స్క్రీన్ గొప్పది, డబ్బా ఇంకా గొప్పది. ఒక్కటే లోటు. ఆ దేశం ఫోన్‌కూ ఈ దేశం సిమ్‌కూ పొసగలేదు. నెట్ వస్తుంది గాని కాల్ వెళ్లదు, రాదు. ఇది ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. అడిగితే "ఒక సెట్టింగ్ మార్చాలె, అంతే" అనేవాడు. ఆ సెట్టింగ్ కోసం వెతకడం మొదలుపెట్టి అప్పటికి చాలా రోజులైంది.

బస్సు మునగాల దాటేసరికి బ్యాటరీ గీత ఎర్రబడింది, ఇక వాట్సాప్ కాల్‌కూ దిక్కు లేదు. కోదాడలో సైదయ్య అనే రైతు ట్రాక్టర్ కోసం ఎదురుచూస్తున్నాడు. ధర్మేందర్ సిగ్గు చంపుకుని వెనక్కి తిరిగాడు.

"మేడం, జర మీ ఫోన్ ఇస్తరా? ఒక్క కాల్."

"మరి మీ చేతిల ఉన్నదేంది?"

"ఇది... కాల్స్‌కు కాదు."

"ఫోనేగా?"

"ఫోనే. కాల్ తప్ప అన్నీ వస్తయి."

అప్పుడు నవ్వింది. ఆ నవ్వులో వెక్కిరింపే ఎక్కువ. అయినా ధర్మేందర్‌కు నచ్చింది. అద్దం పగిలి, వెనక రబ్బరు బ్యాండు వేసుకున్న తన పాత ఫోన్ అతని చేతిలో పెట్టింది. దాంట్లోంచి కాల్ చక్కగా వెళ్లింది.

తర్వాత జరిగిందానికి సైదయ్య కారణం. ఆయన ఆ నంబరే షోరూం నంబరనుకుని రోజూ ఫోన్ చేయడం మొదలుపెట్టాడు.

"ఏమ్మా, నా ట్రాక్టర్ ఎందాకా వచ్చింది?"

"నేను ల్యాబ్‌ల పని చేస్తనండి. రక్త పరీక్షలు చేస్త."

"పరీక్షలన్నీ అయ్యాకే పంపండమ్మా. తొందరేం లేదు."

ఆమె సైదయ్య దగ్గరే ధర్మేందర్ నంబరు తీసుకుని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది. "నా పేరు రాణి. బస్సుల ఫోన్ ఇచ్చినదాన్ని. మీ రైతుకు ట్రాక్టరియ్యండి, లేకుంటే నేనే ఒకటి కొనిచ్చేటట్టున్న."

అక్కడ మొదలైంది. రాణి కోదాడలో హాస్టల్లో ఉంటుంది, ఇల్లు మిర్యాలగూడ. శనివారం సాయంత్రం ఇంటికి బస్సెక్కుతుంది. శనివారం సాయంత్రాలు కోదాడలో ట్రాక్టర్లు కొనేవాళ్లు ఉన్నట్టుండి ఎక్కువయ్యారని ధర్మేందర్ షోరూంలో చెప్పేవాడు. మిగతా రోజుల్లో వాయిస్ మెసేజ్‌లే. అతని ఊళ్లో వాట్సాప్ కాల్ కలిసినా రెండు ముక్కలు వినపడి ఆగిపోయేది. అందుకని గొర్ల దొడ్డి గోడెక్కి, నెట్ అందే మూల చూసుకుని, ప్రేమంతా ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి పంపేవాడు. ప్రతి ముక్కలోనూ ఒక గొర్రె అరిచేది.

"మధ్యల ఆమె ఎవరు?" అని రాణి అడిగేది.

"గొర్రె."

"నీకన్న ఆమెనే మంచిగ మాట్లాడుతున్నది."

ఒక శనివారం కోదాడలో వాన దంచి కొట్టింది. బస్టాండు షెడ్డు కింద ఇద్దరూ ఒకే గొడుగు నీళ్లు విదిల్చుకుంటూ నిలబడ్డారు. రాణి చున్నీ సగం తడిసింది, జుట్టులోంచి చినుకులు చెంప మీదికి జారుతున్నాయి. ధర్మేందర్ ఆమెను చూస్తూ, ఈ పిల్లను ఏ కెమెరాతోనూ తీయకూడదని అనుకున్నాడు. ఆ ఒక్కసారి అతని బుద్ధి బాగానే పనిచేసింది. ఫోన్ ఆమె చేతికిచ్చి చాయ్ తేవడానికి వెళ్లాడు.

రాణి తన ఫోన్‌లో ఉన్న వాన ఫొటో ఒకటి అతనికి పంపింది. చేతిలోని అతని ఫోన్ టింగుమంది. స్క్రీన్ మీద పేరు కనపడింది. సర్వీస్ సెంటర్.

ధర్మేందర్ రెండు చేతుల్లో రెండు చాయ్ గ్లాసులతో వచ్చాడు.

"ఈ సర్వీస్ సెంటర్ ఎవరు?"

"అది... ఇంట్ల ఎవరన్న సూస్తరని..."

"నీ ఫోన్ నీ మొఖానికి తప్ప తెరుసుకోదంటివి గదా? ఫేస్ లాకని బస్సంత వినేటట్టు చెప్తివి. ఇగ ఎవరు సూస్తరు?"

"మా ఇంట్ల ఒప్పుకోరు రాణీ. మీరు చర్చికి పోతరు. మేము గొర్లోళ్లం."

"నేను చర్చికి పోతే మీ గొర్లకేం బాధ?"

మాట చర్చి గురించి కాదని ఇద్దరికీ తెలుసు. అసలు మాట బస్టాండులో ఎవరూ గట్టిగా అనరు. రాణి చాయ్ అందుకోలేదు.

"మీ అమ్మ ఒద్దన్నదా?"

"అడుగలే. అడిగితే ఏమంటదో తెలుసు."

"అడుగకుండనే తెలుసా? ఇను ధర్మేందర్. నువ్వంటే నాకు ఇష్టం. గని దొంగతనంగ ఉండుడు నాతోని కాదు. వచ్చే ఆదివారం లోపల మీ ఇంట్ల చెప్పు. నీ నోటితోని. లేకుంటే ఆ సర్వీస్ సెంటర్ నంబర్ తీసెయ్."

మిర్యాలగూడ బస్సొచ్చింది. ఎక్కి, కిటికీ వైపు కూడా చూడలేదు.

వారమంతా ధర్మేందర్ చెబుదామనే అనుకున్నాడు. అన్నం దగ్గర అనుకున్నాడు, నీళ్ల దగ్గర అనుకున్నాడు. తల్లి యాదమ్మ తలెత్తి "ఏందిరా?" అంటే "ఉప్పు తక్కువైంది" అనేవాడు. ఉప్పు సరిగ్గానే ఉండేది. చివరికి శుక్రవారం పొద్దుగూకే వేళ దొడ్డి గోడెక్కి, గొంతు కాస్త బొంగురు చేసుకుని ఒక మెసేజ్ పంపాడు.

"రాణీ, అమ్మకు చెప్పిన. ఒక్కతీర్గ ఏడ్సింది. బాయిల దుంకుతనన్నది. నాయిన కట్టె అందుకున్నడు. నేనేం చెయ్యాలె చెప్పు..."

పిరికి మగవాళ్లు నింద వేయడానికి తల్లికి మించిన చోటు వెతకరు. పని అయిపోయిందనుకుని గోడ దిగి, బ్యాటరీ ఎర్రబడ్డ ఫోన్‌ను వంటింటి గూట్లో చార్జింగ్‌కు పెట్టి స్నానానికి పోయాడు.

యాదమ్మ రొట్టెలు కాలుస్తోంది. గూట్లో ఫోన్ టింగుమంది. ఏంటా అని చేతిలోకి తీసుకుని చూసింది. ధర్మేందర్‌ది అచ్చం తల్లి ముఖమని ఊరంతా అంటుంది. ఫోనూ అదే అనుకుంది. తెరుచుకుంది.

ఆమెకు చదువు రాదు. కానీ ఆ మూడు మూలల గుర్తు మీద వేలు పెడితే మాట వస్తుందని కొడుకును చూసి ఎప్పుడో నేర్చుకుంది. వేలు పెట్టింది.

"ఏడ్సిందా? ఆమె నా కోసం బాయిల దుంకుడొద్దు. ఖతం. ఇగ నాకు మెసేజ్ పెట్టకు." ఒక ఆడపిల్ల గొంతు. చివర వణికింది.

ఎవరు బావిలో దూకేది? యాదమ్మ పైనున్న గుర్తు కూడా నొక్కింది. కొడుకు గొంతులో తన చావు విన్నది. పెనం మీద రొట్టె మాడుతున్నా పట్టించుకోకుండా ఫోన్ చార్జర్ నుంచి పీకి, కొడుకు చేసినట్టే దొడ్డి గోడ దగ్గరికి నడిచి, మైకు గుర్తు నొక్కి పట్టింది.

"బిడ్డా, నేను ధర్మేందర్ అమ్మను. యాదమ్మను. నేను ఏడ్వలే. బాయిల దుంకలే. మా బాయిల నీళ్లే లేవు. వాడు నాకేం చెప్పలే, నీ పేరు గూడ తెల్వదు. చెప్తే ఒప్పుకుందునో లేదో అది నాకే తెల్వదు. గని అడగకముందే నన్ను సంపిండు సూడు, గది మంచిగ లేదు. నువ్వు ఎవరి బిడ్డవు?"

కాసేపటికి జవాబొచ్చింది. రాణి పేరు చెప్పింది. నాన్న మత్తయ్య, మిర్యాలగూడలో బడి పంతులని చెప్పింది. వాళ్లెవరో కూడా దాచకుండా చెప్పింది. "మీరు ఒద్దన్నా నాకు కోపం లేదమ్మా. మిమ్ముల అడగకుండ మీ మీద చెప్పిండు. నాకదే కోపం."

యాదమ్మ గోడ పక్కన కూలబడింది. ఆడబిడ్డ ఏమంటుంది, అన్న గడప తొక్కనిస్తాడా, బంతిలో పక్కన ఎవరు కూర్చుంటారు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఆమె దేవత కాదు. అవన్నీ తనూ ఇతరుల ఇళ్ల గురించి ఒకప్పుడు అన్న మాటలే. కానీ తన కోపమూ ఆ పిల్ల కోపమూ ఒకటే అవడం ఆమెకు వింతగా తోచింది. ఆ గొంతు మళ్లీ వినాలనిపించి మరోసారి నొక్కింది.

తల తుడుచుకుంటూ వచ్చిన ధర్మేందర్‌కు తల్లి చేతిలో ఫోన్, ఫోన్‌లో రాణి గొంతు ఎదురయ్యాయి. ఆ క్షణంలో కూడా అతనికి ముందు దిగులు పుట్టింది ఫేస్ లాక్ గురించే.

"అదెట్ల తెరుసుకుంది? అది నా మొఖానికి తప్ప..."

"ఎవరి మొఖంరా అది? నేనిచ్చిందే గదా." యాదమ్మ లేచింది. "ఆదివారం మిర్యాలగూడ పోతున్నం. మీ నాయినకు నేను చెప్త. ఆడ నువ్వే మాట్లాడాలె. నేను నోరిప్ప."

"అంటే... నువ్వు ఒప్పుకున్నట్టేనా?"

"నువ్వు అడిగినవా?"

అప్పటికీ అడగలేదు మహానుభావుడు.

మల్లన్న సంగతి విని ఔనూ కాదూ అనలేదు. శనివారమంతా గొర్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. ఆదివారం పొద్దున తెల్ల అంగీ తొడుక్కుని అందరికంటే ముందు బస్టాపులో నిలబడ్డాడు. వద్దనడానికి బయల్దేరాడో, సరేననడానికో యాదమ్మకే అంతుపట్టలేదు.

చర్చి నుంచి అప్పుడే వచ్చిన మత్తయ్య వాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టాడు. రాణి వంటింటి గుమ్మంలో నిలబడింది. అతని వైపు చూడలేదు. ధర్మేందర్ చెయ్యి అలవాటుగా జేబులో ఫోన్ వైపు పోయింది. యాదమ్మ అది లాక్కుని కొంగులో ముడి వేసింది.

"మా పిలగాడు మాట్లాడుతడట సార్."

ధర్మేందర్ లేచి నిలబడ్డాడు, బడిలో లేచినట్టు.

"సార్, నేను రాణిని చేసుకుంట. అమ్మ ఏడ్సిందని రాణికి అబద్ధం చెప్పిన. అమ్మ ఏడ్వలే, నేనే భయపడ్డ. నలుగురు ఏమంటరో అని." తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నాకు రాణి అంటే పానం. చేసుకుంట. ఒప్పుకుంటవా? నాయినా, నువ్వు?"

"నన్నడిగినవు. సాలు," అంది యాదమ్మ. "నాకు ఇష్టమే." మల్లన్న నేల చూస్తూ కూర్చున్నాడు.

మత్తయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "బాగుంది. మీవాళ్లను అడిగినవు. మీ ఇంట్ల ఒప్పుకోరని ఇన్ని దినాలు భయపడ్డవు. మేము ఒద్దంటమని ఒక్కసారన్న భయమైందా బాబూ?"

ధర్మేందర్ ఆలోచించాడు. అబద్ధం నోటిదాకా వచ్చింది, మింగాడు.

"కాలేదు సార్."

"ఎందుకు కాలేదు?"

ఎందుకు కాలేదో అప్పుడే తెలిసింది అతనికి. తమవాళ్లు దిగి రావాలని, వీళ్లు ఎలాగూ సంతోషిస్తారని ఎవరూ చెప్పకుండానే అనుకున్నాడు. తల ఎత్తలేకపోయాడు.

"ఇప్పుడైతున్నది సార్," అన్నాడు మెల్లగా.

గుమ్మంలో రాణి పెదవి కొరుక్కుంది. మత్తయ్య కూతురి వైపు తిరిగాడు. "ఏం బిడ్డా?"

"పిరికోడు డాడీ. అబద్ధం చెప్పుడు గూడ సక్కగ రాదు. అయినా వీడే కావాలె నాకు. ఖతమన్నంక రెండు దినాలు అన్నం తినలే నేను. అదే నా పరేషాన్." అని, అంతమందిలో అంత మాట అన్నందుకు కళ్లు నిండి లోపలికి వెళ్లిపోయింది.

మత్తయ్య భార్య కంచాలు పెట్టింది. ఆదివారం మాంసం కూర వండిన ఇల్లు, వాసన వీధిదాకా ఉంది. తినండని ఎవరూ బలవంతం చేయలేదు. అందరి కళ్లూ మల్లన్న మీదే. ఎవరింట్లో నీళ్లు తాగాలో, ఎవరి గడప బయటే నిలబడాలో మాటలు రాకముందే నేర్చుకున్న మనిషి ఆయన. ఇప్పుడు లేచి బస్టాండుకు నడిస్తే కొడుకు చెప్పిందీ, భార్య ఒప్పుకున్నదీ ఆ గదిలోనే ఆగిపోతాయి. మత్తయ్య తన కంచం ముట్టలేదు.

మల్లన్న లేచాడు. తలరుమాలు తీసి భుజాన వేసుకున్నాడు. పెరట్లోకి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. అన్నంలో కూర కలుపుకుని ఒక ముద్ద పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. నమలగా నమలగా ముఖం చిట్లింది.

"ఈ కూర ఏడ దెచ్చిన్రు సార్?"

"గీడ సెంటర్లనే," అన్నాడు మత్తయ్య కంగారుగా. "ఏం?"

"ముసలి పొట్టేలు. మిమ్ముల మంచిగ మోసం చేసిన్రు." మల్లన్న కంచం యాదమ్మ వైపు కాకుండా మత్తయ్య భార్య వైపు జరిపాడు, ఇంకొంచెం వేయమని. "లగ్గానికి బయట కొనకున్రి. పొట్టేళ్లు నేను తోలుకొస్త."