మొదటి పీరియడ్

రామచంద్రం ఇంట్లో తెల్లవారిందంటే దర్బారు మొదలైనట్టే. లింగంపల్లిలో ఉన్నది కిరాయి ఇల్లే అయినా, వరండాలో కుర్చీ వేసుకుని పేపరు విప్పాడంటే ఆయన ముందు లోకమంతా అజ్ఞానులే. ఆయన మండలాఫీసులో గుమాస్తా. మాదాపూర్ గుట్టల్లో కంప్యూటర్ కంపెనీల అద్దాల మేడ లేచినప్పటి నుంచి భూములమ్ముకునే రైతుల చేత కాగితాల మీద వేలిముద్రలు వేయించడంతోనే పొద్దు గడిచిపోతోంది. నిన్నటిదాకా జొన్న చేలో నిలబడ్డవాళ్ళు ఇవాళ జీపు దిగి వస్తుంటే ఆయన కడుపు మండేది. ఆ మంటంతా ఇంటికొచ్చి ఒక్క మాటలో కక్కేవాడు.

"వేలిముద్రగాళ్ళు!"

ఆ మాట వినబడినప్పుడల్లా మూలన బియ్యం ఏరుకుంటున్న తల్లి మల్లమ్మ తల ఇంకాస్త దించుకునేది. ఆమెకూ సంతకం రాదు.

"రజితా, ఇటు రా. ఈ హెడ్డింగు చదువు."

తొమ్మిదో తరగతి చదివే కూతురు సగం అల్లిన జడతో వచ్చి నిలబడింది.

"రా... రాష్... రాష్ట..."

"రాష్ట్ర! కింద రెండు వత్తులున్నయి. కండ్లున్నయా, లేవా? పద్నాలుగేండ్లు సాదితే తయారైంది ఇంట్ల ఇంకో వేలిముద్ర!"

రజిత నేల చూపులు చూసింది. వంటింట్లోంచి భార్య జయమ్మ అడ్డం వచ్చింది. "పొద్దుపొద్దున్నే దాన్ని ఏడిపియ్యకుండ్రి. స్కూల్ల కొత్త టీచరమ్మ చదువ రానోళ్ళను జమచేసి మొదటి పీరియడ్ల వేరేగ చెప్తున్నదట. మన పిల్ల గూడ అండ్లనే కూసుంటున్నది."

"రానోళ్ళ జమల నా బిడ్డనా? ఏం చెప్తున్నదట ఆమె?"

"రెండో తరగతి కథలు" అని గొణిగింది రజిత.

రామచంద్రం పకపకా నవ్వాడు. ఆ నవ్వు ముఖాన ఉమ్మినట్టుంది. "శెభాష్! వచ్చే ఏడు బాలవాడిల ఏస్తరేమో. ఆఫీసుల తెలిస్తే నా మొఖం ఏడ పెట్టుకోవాలె? ఇయ్యాలనే పోయి నీ పేరు కొట్టిపిస్త. కుట్టు మిషన్ నేర్చుకో. దానికి వత్తులక్కర్లే."

అన్నంత పనికీ సిద్ధమయ్యాడు. ఆఫీసుకు పోకుండా స్కూటర్‌ని గోపన్‌పల్లి దారి పట్టించాడు. ఆ సర్కారు హైస్కూలు ఆయన కంటికి ఏనాడూ బడిలా ఆనలేదు. పిల్లల్ని తోలిన బందెలదొడ్డి అనేవాడు. టీచర్ ప్రియదర్శినిని చూశాక ఉన్న కాస్త భయమూ పోయింది. చీర కట్టడం నిన్న మొన్న నేర్చినట్టుంది ఈ పిల్ల, ఈమె చదువు చెప్పడమా!

గదిలో ఎదిగిన పిల్లలు ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకే పేరాను తిరగేసి మరగేసి చదువుతున్నారు. టీచర్ వాళ్ళ మధ్య తిరుగుతూ పెద్ద మాట వచ్చిన చోట చిన్న అట్టముక్క అడ్డం పెట్టి, ఒక్కో అక్షరం బయటపెడుతోంది.

"మీసాలొస్తున్న పిల్లలకు అ ఆలా మేడమ్? సర్కారు జీతమిచ్చేది ఇందుకేనా?" గుమ్మంలోంచే అడిగాడు రామచంద్రం.

"అ ఆలు వచ్చు సార్. వత్తు కాడ ఆగుతరు. ఆగితే ఎవరో ఒకరు నవ్వుతరు. ఒకసారి నవ్విన్రంటే ఇగ నోరు తెరవరు. ఇక్కడ ఎన్నిసార్లు ఆగినా ఎవ్వరం నవ్వం. అంతే."

"ఇంతేనా మీ విద్య! నా బిడ్డ పేరు కొట్టెయ్యండి. దానికి రాదు."

"వస్తది సార్. కూసొని వినిపోండి."

వినడానికి కాదు, రుజువు చేయడానికి కూర్చున్నాడు. వెనక బెంచీ మీద కాలు మీద కాలేసుకున్నాడు. రజిత పుస్తకం పట్టుకుని లేచింది. తండ్రిని చూసింది. "ఒ... ఒక..." అంది. తర్వాత పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. కన్నీళ్ళు పేజీ మీద పడ్డాయి. క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. నవ్వింది రామచంద్రం ఒక్కడే.

"చూసిన్రా? నేను చెప్పలే?"

బిడ్డ ఓడిపోతే గెలిచినట్టు వెలుగుతున్న ఆ ముఖాన్ని చూసింది ప్రియదర్శిని.

"సార్, మీరు జర బయట నిలబడండి."

"ఏంది?"

"బయట. కిటికీ అవతల. బిడ్డకు కనబడకుండ."

చదువుకునే రోజుల్లో కూడా ఏ పంతులూ ఆయన్ని క్లాసు బయట నిలబెట్టలేదు. తిరిగి ఏదో అనబోయాడు. పిల్లలంతా తననే చూస్తున్నారు. లేచి బయటికి నడిచాడు.

కిటికీ పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తర్వాత సన్నగా ఒక గొంతు. "ఒక కుమ్మరి అవ్వ... గంప నెత్తిన పెట్టుకుని... సంతకు బయలు... బయలుదేరింది." ఆగింది. ఆయన నాలుక మీదికి 'వేలిముద్ర' అన్న మాట వచ్చేసింది. ఇంతలో ఆ గొంతే వెనక్కి వెళ్ళి, కూడబలుక్కుని, ముందుకు సాగింది. కథలో గాడిద మొండికేసిన చోట పిల్లలందరూ నవ్వారు. చదువుతున్న పిల్ల కూడా నవ్వింది.

ఆ నవ్వు ఎవరిదో రామచంద్రానికి వెంటనే తెలియలేదు. తెలిశాక కిటికీ ఊచ పట్టుకున్నాడు. కూతురు ఇంట్లో నవ్వగా విని ఎన్నాళ్ళయిందో గుర్తురాలేదు. పేరు కొట్టించకుండానే ఇంటికి తిరిగొచ్చాడు.

"కొట్టిపిచ్చినవా?" అడిగింది మల్లమ్మ.

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె చేట పక్కన పెట్టింది.

"దానికి చదువొస్తది రా. పొద్దుగూకంగ నువ్వు రాకముందు రోజు నాకు కథ చదివి చెప్తది. నీ బండి సప్పుడైతే పుస్తకం మూస్తది. నిన్ను చూస్తెనే దానికి రాదు." బొటనవేలు ఎత్తి చూపించింది. "నువ్వు రోజు ఉమ్మేది ఈ యేలి మీదనే గదరా. గిదే యేలు పట్టుకొని బడికి పోయినవ్."

రామచంద్రం తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

సాయంత్రం రజిత వాకిట్లో బండి చూసి గేటు దగ్గరే ఆగిపోయింది. ఆయనే లేచి ఎదురెళ్ళాడు.

"నానమ్మకు చదువు బిడ్డా. నేను బయట కూసుంట."

మెట్ల మీద వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. చీకటి పడుతుండగా లోపల గొంతు మొదలైంది. "కుమ్మరి అవ్వ గంట నెత్తిన పెట్టుకుని..." రామచంద్రం పళ్ళు బిగించాడు.

"గంటనా? నెత్తి మీద గంట పెట్టుకుంటరానే పిల్లా?" అంది మల్లమ్మ.

"గంప నానమ్మా, గంప!" ఇద్దరూ పడీ పడీ నవ్వారు. మెట్ల మీద ఆయన మాత్రం మోకాళ్ళలో ముఖం దాచుకుని ఏడ్చాడు.

వెనక పట్టీల చప్పుడు వినిపించింది. రజిత గడప మీద నిలబడి ఉంది.

"నాయినా, లోపలికి రా. తప్పు చదివితే ఏమనొద్దు మల్ల."

"అనను బిడ్డా."

లోపలికి వచ్చి తల్లి పక్కన కింద కూర్చున్నాడు. రజిత ఆయన వైపు అనుమానంగా ఓసారి చూసి, పేజీ వెనక్కి తిప్పి, ఆయన కోసం మళ్ళీ మొదటి లైను నుంచి అందుకుంది.